నాలుగు బజ్జీల కింద నేను

ప్రస్తుతం మా ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కరు ఒక్కటే. కారణం ఆరోగ్య సర్వే అంటే ఎవరూ నమ్మడం లేదు. అందుకే కోపం చల్లారకముందే రాసి పడేస్తున్నాను.

సర్వే సంగతి గబగబా చెప్పేస్తాను. బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటివి ముదరకముందే పట్టుకోవాలని ముప్పై ఏళ్లు దాటినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్తలు వచ్చి ఒక ఫారం నింపుతారు. మంచి పనే. మా వార్డు ఆశా అమ్మాయి కూడా వచ్చింది. గేటు దగ్గరే టేపు తీసి నా నడుము కొలిచింది. ఫోన్లో యాప్ తెరిచింది. అది గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. "సర్వర్ డౌనండి. కాగితం మీద రాసేసుకుని రాత్రికి ఎక్కించేస్తాను" అని ఫారం తీసింది. ఆ టైముకి మా ఆవిడ చిట్టీ డబ్బులు కట్టడానికి వెళ్లింది.

"ఉన్నదున్నట్టు చెప్పండి సార్, ఇది బయటికి పోదు. కాన్ఫిడెన్షియల్" అంది ఆ అమ్మాయి.

అంత మర్యాదగా అడిగితే ఎవరికైనా నిజం వచ్చేస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఇంట్లో చెప్పని ముక్క ఒకటి గవర్నమెంటుకి చెప్పేశాను. చెప్పాక మనసు కూడా తేలికపడింది. సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఆ ఫారం ఎవరి చేతికి వెళ్లిందో, ఏ బీరువాలో పడుకుందో, ఎవరు సర్దారో, ఎవరు తూకానికి వేశారో నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పరు. కాబట్టి మధ్యలో కథ లేదు. తిన్నగా బజ్జీల బండి దగ్గరికి వచ్చేద్దాం.

మా వీధి చివర సాయంత్రం పూట ఒక బండి పెడతారు. బజ్జీని మధ్యకి కోసి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి చేతికిస్తాడు. ఆ రోజు నేను, మా ఆవిడ, ఎదురింటి లెక్కల మాస్టారు ఒకేసారి అక్కడ తేలాం. మాస్టారు రిటైరై చాలాకాలమైంది గానీ చదివే జబ్బు తగ్గలేదు. చేతికి కాగితం దొరికితే చాలు, చివరి అక్షరం దాకా వదలరు. శుభలేఖ ఇస్తే ముహూర్తం దగ్గర ఆగకుండా కింద ప్రెస్సువాడి ఫోన్ నంబరు కూడా చదివి, అందులో ఒక అంకె తక్కువుందని చెబుతారు.

అలాంటి మనిషి చేతికి బండివాడు నాలుగు బజ్జీలు పెట్టిన కాగితం ఇచ్చాడు. పైన అడ్డంగా ఒకటి, మధ్యలో రెండు, కింద ఒకటి.

మాస్టారు మధ్యలో ఉన్నది తీశారు. దాని కింద అక్షరాలు కనిపించాయి. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. అప్పటికీ నాకేమీ అనిపించలేదు.

"నడుము చుట్టుకొలత, 104 సెంటీమీటర్లు" అని చదివారు.

"104 వ్యాన్ వచ్చిందాండి?" అన్నాడు బండివాడు, చెవులో నూనె చప్పుడే ఉంటుంది కదా. ఇంకెవరో అటూ ఇటూ చూశారు కూడా, వ్యాన్ కోసం.

"వ్యాన్ కాదయ్యా, నడుము" అన్నారు మాస్టారు. "మగవాళ్లకి 90 దాకా పర్లేదు, వంద దాటితే రెండు మార్కులని ఇక్కడే అచ్చు వేశారు. ఎవడో రెండుకి రెండూ తెచ్చుకున్నాడు."

అప్పుడు నా ప్యాంటు నన్ను బిగించడం తెలిసింది. టేపు మీద ఆ అమ్మాయి వేలు ఎక్కడ ఆగిందో నాకు గుర్తుంది. ఈ ఊళ్లో నడుము 104 ఉన్నవాడిని నేనొక్కడినే కాదు, బండి చుట్టూ నిలబడ్డవాళ్లలోనే ముగ్గురు పోటీకి వస్తారు అని ధైర్యం చెప్పుకున్నాను.

మాస్టారు మధ్యలో రెండోది తీశారు.

"వ్యాయామం: వారానికి 150 నిమిషాల కన్నా తక్కువ. ఒకటి. కుటుంబంలో బీపీ, షుగర్, గుండె జబ్బు: ఉన్నాయి. రెండు." బజ్జీ కొరికి కూడిక మొదలుపెట్టారు. నాలుగు దాటితే ముందు వాళ్లకే పరీక్షలు చేయాలని ఆ ఫారంలో లెక్క. "వయసు మార్కులు కలపకుండానే ఐదు. కుర్రాడు డిస్టింక్షన్లో పాసయ్యాడు" అన్నారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికన్నా కొంచెం ఎక్కువే నవ్వాను.

"ఎవరో పాపం" అంది మా ఆవిడ. "వాళ్లావిడ ఏం వండి పెడుతోందో!"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అచ్చయిన కాగితాల్లో తినుబండారాలు చుట్టకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. సిరాలో ఉన్నవి ఒంట్లోకి పోతాయని. అంటే ఆ కాగితం వల్ల బజ్జీకి హాని జరగకూడదని ఒక రూలు ఉంది. బజ్జీ వల్ల ఆ కాగితంలో ఉన్న మనిషికి ఏం జరగకూడదో ఎవరూ రాయలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఎన్నో పేజీల తీర్పు. అంత పెద్ద తీర్పు చేతిలో ఉండీ, మాస్టారి నోట్లోకి వెళ్తున్న బజ్జీని ఆపడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

మిగిలినవి రెండు. పైన అడ్డంగా ఉన్నది సరిగ్గా పేరు మీద పడుకుంది. కింద ఉన్నది ఏ గడి మీద ఉందో నాకు ఖాయంగా తెలుసు.

"మాస్టారూ, ఇంక చాలండి, మీకు బీపీ" అన్నాను.

"నాకు లేదయ్యా."

"గ్యాస్ అన్నారు మొన్న."

"అది శనగపప్పుకి. శనగపిండికి రాదు."

"పోనీ ఆ రెండూ నాకివ్వండి, మీకు వేడివి వేయిస్తాను."

ఆయన నన్ను కళ్లజోడు పైనుంచి చూశారు. పరీక్ష హాల్లో చీటీ దాచినవాణ్ని చూసే చూపు అది. ముప్పై ఏళ్ల సర్వీసు ఎక్కడికి పోతుంది! నన్నే చూస్తూ, నిదానంగా, కింది బజ్జీ తీశారు.

"పొగాకు" అని చదివారు.

ఆ ఫారం తయారుచేసినవాళ్లు నిజానికి దయగల మనుషులు. పొగాకుకి మూడే గడులు పెట్టారు. ఎప్పుడూ లేదు అన్నది ఒకటి. రోజూ అన్నది ఇంకొకటి. మధ్యలో ఉన్నదే అసలు ఉపకారం: గతంలో వాడేవారు, లేదా ఇప్పుడు అప్పుడప్పుడు. రెండూ కలిపి ఒకటే గడి, ఒకటే మార్కు. కాలేజీ రోజుల్లో మానేసినవాడూ, మధ్యాహ్నం టీ టైములో మానలేనివాడూ ఒకే టిక్కు కింద తలదాచుకోవచ్చు. భార్యాభర్తల సంగతి తెలిసినవాళ్లే రాసి ఉంటారు.

మాస్టారు ఆ మధ్య గడే చదివారు. "గతంలో, లేదా అప్పుడప్పుడు. ఒకటి. మొత్తం ఆరు." నా ఊపిరి ఆడింది. గతంలోనే అయ్యుంటుంది పాపం, అనబోయాను.

"పక్కన పెన్నుతో ఏదో రాసుందే" అన్నారు మాస్టారు.

ఆశా అమ్మాయి సిన్సియర్. గడిలో అనుమానం మిగలకూడదని పక్కన గుండ్రటి అక్షరాలతో వివరంగా రాసుకుంది.

"వారానికి రెండు, ఆఫీసు వెనకాల, ఇంట్లో తెలీదు."

బండి దగ్గర ఒక్కసారి నవ్వులు లేచాయి. బండివాడు గరిటె పట్టుకునే నవ్వాడు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. "చూశారా మాస్టారూ, పెళ్లాం దగ్గర దాచి గవర్నమెంటుకి చెప్పుకున్నాడు మహానుభావుడు. ఆవిడకి తెలిస్తే వీపు మీద అట్లు పోస్తుంది" అని తీర్పు కూడా ఆవిడే చెప్పేసింది.

ఇంక మిగిలింది ఒక్క బజ్జీ.

దాన్ని నేను లాక్కుని మొత్తం నోట్లో పెట్టేసుకుంటే బాగుండేది, కాగితంతో సహా. కానీ చెయ్యి కదల్లేదు. మాస్టారు బజ్జీ తీశారు, తినలేదు, పట్టుకునే చూశారు. నా పేరు, ఇంటిపేరుతో సహా. నా ఫోన్ నంబరు. డోర్ నంబరు. కింద ఆధార్. చెప్పుకోవాలంటే అక్కడ ఒక న్యాయం జరిగింది. ఆధార్ వాళ్లు మాస్క్‌డ్ కార్డు ఇస్తారు కదా, మొదటి ఎనిమిది అంకెలు దాచి చివరి నాలుగే చూపించేది. బజ్జీ నూనె కూడా మాస్క్ వేసింది. కాకపోతే చివరి నాలుగూ దాచి మొదటి ఎనిమిదీ చూపించింది.

మాస్టారు మంచివారు. చదవలేదు. కాగితం మడతపెట్టి, "లోపల నూనె ఎక్కువైందమ్మా" అంటూ మా ఆవిడ చేతికిచ్చారు. ఎందుకిచ్చారో ఆయనకే తెలియాలి. పారేయమనేమో. మా ఆవిడ మాత్రం పారేయలేదు, విప్పింది.

తర్వాత జరిగింది రాయను.

పొద్దున్నే మా వార్డు సచివాలయానికి వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్ నుంచి తలెత్తకుండా ఆధార్ నంబరు అడిగాడు. చెప్పాను, గట్టిగా, వెనక లైను మొత్తానికి వినిపించేలా. చెప్పకపోతే పని మొదలవ్వదు.

"మీరు ఈ క్లస్టర్లో లేరండి" అన్నాడు. "హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మీరొక ఇంట్లో, మేడమ్ గారొక ఇంట్లో ఉన్నారు."

ప్రభుత్వ రికార్డుల్లో ఆ పూటకి నిజమైన ముక్క అదొక్కటే.

బజ్జీ సంగతి చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. ఫారాలు మా దగ్గర ఉండవండి, హెల్త్ సెంటర్‌కి వెళ్తాయి అన్నాడు. హెల్త్ సెంటర్‌కి వెళ్తే, మేము ఆన్‌లైన్ చూస్తామండి, కాగితాలు సచివాలయం వాళ్లవే అన్నారు. అక్కడొక మూల గోనెసంచి కనిపించింది, మూతికి తాడు కట్టి. ఏమిటని అడిగితే "పాతవండి" అని జవాబు. ఎవరి పాతవని అడిగితే జవాబు లేదు. కోపమంతా ఆశా అమ్మాయి మీద పడేస్తే పని తేలికే, కానీ ఎండలో ఇల్లిల్లూ తిరిగి, పనిచేయని యాప్ బదులు కాగితం మీద పొందిగ్గా రాసింది ఆ పిల్లే. ఈ మొత్తం తంతులో సరిగ్గా జరిగిన పని కూడా అదే. సంచికి తాడు కట్టినవాడు ఎవరో మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

లా చదువుతున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "మావయ్యా, మన వ్యక్తిగత వివరాలు కాపాడాలని 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబర్లో రూల్స్ కూడా నోటిఫై చేశారు" అని ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "కానీ అది డిజిటల్ డేటాకి. కాగితం మీద తీసుకున్నా, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కిస్తే వర్తిస్తుంది. నీది ఎక్కించారా?"

మళ్లీ సచివాలయం. అబ్బాయి వెతికాడు. సర్వే స్టేటస్ పెండింగ్.

"ఎక్కలేదట్రా."

"అయితే చట్టం దృష్టిలో అది ఉత్త బజ్జీ కాగితం మావయ్యా" అన్నాడు. వాడు నవ్వుతున్నాడని అర్థమైంది. 2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కొడితే కరోనా టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు వచ్చేస్తున్నాయని గోల అయినప్పుడు, కోవిన్ పోర్టల్ భద్రంగానే ఉందని కేంద్రం ప్రకటనైనా చేసింది. నా బజ్జీ మీద ప్రకటన చేసే నాథుడు లేడు.

కనీసం ఫిర్యాదైనా రాసుకోమన్నాను కౌంటర్ అబ్బాయితో. సరేనండి, అర్జీతో పాటు ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, ఫోన్ నంబరు, రెండు ఫోటోలు ఇవ్వండి అన్నాడు. ఎక్కడ పెడతావయ్యా అవన్నీ అంటే, వెనకాల ఉన్న ర్యాకు చూపించాడు. ర్యాకు పక్కన ఇంకో గోనెసంచి.

"ఇంకొకటండి. ఆ బజ్జీ కాగితం ఒరిజినల్ జతచేయాలి. జిరాక్స్ చెల్లదు."

ఒరిజినల్ మా ఆవిడ బీరువాలో ఉంది. తాళం వేసింది. ఎవరికీ ఇవ్వనంటోంది.