సున్నాలో చుక్క

నేను స్కౌట్ మాస్టర్‌ని కావడానికి కారణం ఒక ముడి. ఆ ముడి వేసిందీ నేనే, విప్పిందీ నేనే. మా హెడ్మాస్టారి కంట పడింది మాత్రం రెండోదొక్కటే.

ఆ ఏడాది ఆగస్టు 15న ఆయన తాడు లాగితే జెండా విచ్చుకోలేదు. ఇంకోసారి లాగారు. ఒక్క పువ్వు రాలలేదు. జనగణమన ఎత్తుకోవాలో వద్దో తెలీక పిల్లలు సగం నోరు తెరుచుకుని నిలబడిపోయారు. నేను ఒక్క పరుగున వెళ్ళి, తాడు కిందికి దించి, పంటితో ముడి వదులు చేసి మళ్ళీ పైకి పంపించాను. "లెక్కల మాస్టారికి ముళ్ళ విద్య కూడా తెలుసన్నమాట!" అని మైకులోనే మెచ్చుకున్నారు. ముందురోజు సాయంత్రం ఆ ముడిని అంత బిగించింది ఎవరని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

వారం తిరక్కుండా మా స్కూల్లో స్కౌట్ ట్రూపు పెట్టమని కాగితం వచ్చింది. "స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఉపాధ్యాయుని పేరు" అన్న గడిలో హెడ్మాస్టారు నా పేరు రాసేసి, సంతకానికి నా ముందుకు తోశారు. పెన్ను కూడా ఆయనదే.

ముందు ఏడు రోజుల బేసిక్ కోర్సుకి పంపారు. ఇలాంటి శిక్షణలు నాకు కొత్త కాదు. కుర్చీలో కూర్చుని ఆవలించడం, నాలుగింటికి టీ బిస్కెట్లు, ఆఖరి రోజు గ్రూప్ ఫొటో. ఆ ధైర్యంతోనే రెండు లుంగీలు, ఒక వారపత్రిక పట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే అక్కడ కుర్చీలే లేవు. మమ్మల్ని ఎనిమిదేసి మంది చొప్పున పెట్రోళ్ళుగా విడగొట్టారు. పెట్రోలుకొక జంతువో పక్షో, దానికొక అరుపు. మాకు నెమలి పడింది. క్రేంకారం అన్న మాట పద్యాల్లో చదువుకున్నాను గానీ, తెల్లవారుజామున ఐదున్నరకి నిక్కరు వేసుకుని, రిటైర్మెంటుకి మూడేళ్ళున్న సోషల్ మాస్టారి పక్కన నిలబడి నేనే చెయ్యాల్సి వస్తుందనుకోలేదు. ఎదురు వరసలో తోడేళ్ళున్నారు. అందులో ఇద్దరికి ఆయాసం.

"రోజూ పొద్దున్నే బీపీ సిక్స్ తప్పనిసరి" అంటే నాలాంటి రక్తపోటు వాళ్ళ కోసం పెట్టారు కాబోలు, ఎంత దయ అనుకుని మొదటి వరసలో నిలబడ్డాను. బీపీ అంటే స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ అట. ఆరంటే ఆయన కనిపెట్టిన ఆరు వ్యాయామాలట. ఆరోది అయ్యేసరికి అసలు బీపీ కూడా వచ్చింది.

మా ట్రైనరు గారి మెడలో సన్నటి తోలుతాడు, దానికి రెండు చెక్కపూసలు. మా సోషల్ మాస్టారు భక్తిగా వంగి, "ఇదేం సీజను స్వామీ, మాల వేసుకున్నారు?" అని అడిగారు. అది హిమాలయ ఉడ్ బ్యాడ్జ్ అనీ, ఏళ్ళ తరబడి శిక్షణ పూర్తి చేస్తే గానీ రాదనీ ఆయన ఓపిగ్గానే చెప్పారు. ఆ తర్వాత గొయ్యి తవ్వే డ్యూటీ మాత్రం మా పెట్రోలుకే రెండుసార్లు పడింది.

కోర్సులో నేర్చుకున్నవాటిలో ఇంటిదాకా వచ్చి గొడవ చేసింది ఎడమచేతి షేక్‌హ్యాండ్. స్కౌట్లు ఒకరికొకరు ఎడమచెయ్యే కలుపుతారు. ఏడు రోజుల అలవాటు ఊరికే పోతుందా? గృహప్రవేశంలో మా తోడల్లుడికి ఎడమచెయ్యి చాపాను. ఆయన ఆ చేతి వంకా, నా మొహం వంకా చూసి, తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "గుండెకి దగ్గరగా ఉండే చెయ్యండీ అది" అని నేను వివరిస్తూనే ఉన్నాను. మా ఆవిడ నా కుడిచేతిలో భోజనం ప్లేటు పెట్టి పక్కకి లాక్కుపోయింది.

స్కూల్లో పదహారు మంది చేరారు. పులి, డేగ అని రెండు పెట్రోళ్ళు చేశాను. పులి లీడరు తొమ్మిదో తరగతి. వాడు ఏ మాటనైనా అక్షరాలా పాటిస్తాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

మొదటి రోజు ముళ్ళు. రీఫ్ నాట్ చాలా తేలికే: కుడిది ఎడమ మీద, ఎడమది కుడి మీద. నేను బోర్డు ముందు నిలబడితే నా కుడి వాళ్ళకి ఎడమ. ఆ లెక్క సరిచేస్తూ చేస్తూ రెండుసార్లూ కుడిదే పైన వేశాను. అలా వేస్తే వచ్చేదాన్ని పుస్తకంలో గ్రానీ నాట్ అంటారు, మామ్మ ముడి అన్నమాట. చూడ్డానికి రీఫ్ నాట్ లాగే ఉంటుంది, సమయానికి జారిపోతుంది. మా మామ్మ వింటే నొచ్చుకునేది, ఆవిడ ముడేస్తే కొడవలి పెట్టాల్సిందే.

తర్వాత షీట్ బెండ్. సన్నతాడుని లావుతాడుకి కలిపే ముడి. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, "ఇలా లూపులోంచి పైకి తెచ్చి..." అని నేను తంటాలు పడుతుంటే, చివర కూర్చున్న ఏడో తరగతి కుర్రాడు లేచి నా చేతిలో తాళ్ళు తీసుకున్నాడు. సముద్రం పక్క పేట నుంచి వస్తాడు, బక్కగా ఉంటాడు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లూపు నొక్కిపట్టి, రెండో కొసని కిందినుంచి తెచ్చి, లూపు మెడ చుట్టూ తిప్పి, దాని కిందే దూర్చి లాగాడు. నేను "తెచ్చి" అనేలోపే అయిపోయింది. చూడకుండా ఇంకోటి వేశాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ మూడోది వేశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావురా?"

"వల కట్టేది ఇలాగే కదా సార్. మా తాత రోజూ వేస్తాడు. దీనికి పేరుందేటి సార్?"

ఆ రోజు నుంచి ముళ్ళ క్లాసు వాడికే అప్పగించి, నాకు చేతనైన పని పెట్టుకున్నాను. అంటే డిక్టేషను. ఈల సంకేతాలు, దారి గుర్తులు చెప్పి నోట్సులో రాయించి, పరీక్ష పెట్టి, మార్కులు వేశాను. పొడుగ్గా ఒక్క ఈల అంటే నిశ్శబ్దం. చిన్నచిన్న ఈలలు గబగబా ఊదితే అందరూ దగ్గరికి రావాలి. పొడుగు ఈలలు నిదానంగా ఒకదాని వెనక ఒకటి ఊదితే ఇంకా దూరం వెళ్ళాలి. పులి లీడరుకి పాతికకి పాతిక.

డిసెంబరులో ఒక ఆదివారం హైక్ పెట్టాం, ఎర్రమట్టి దిబ్బలకి. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో సముద్రం ఒడ్డున ఉంటాయే, అవే. సినిమాల్లో పాటల కోసం అందరూ చూసినవే. వేల ఏళ్ళు గాలీ సముద్రమూ ఇసుక పోస్తే, వానలు దాన్ని కోసుకుంటూ పోయి వాగుల్లాంటి గెడ్డలుగా చేశాయి. పైనుంచి చూస్తే అందం. లోపలికి దిగితే ఇరుపక్కలా మనిషికి రెండింతల ఎర్రగోడలు, ప్రతి మలుపూ పోయిన మలుపులాగే ఉంటుంది.

బయల్దేరే ముందు బస్సు దగ్గర మూడు ఉత్తర్వులు జారీ చేశాను. ఒకటి, ఫోన్లన్నీ బస్సులోనే. పిల్లలకెలాగూ లేవు కాబట్టి నాది పెట్టి ఆదర్శంగా నిలిచాను. రెండు, ఇది కాపాడుకోవాల్సిన చోటు కనక మట్టి గీకకూడదు, గుర్తులన్నీ వెంట తెచ్చుకున్న గులకరాళ్ళూ పుల్లలతోనే పెట్టాలి. మూడు, డేగలు ముందు వెళ్ళి గుర్తులు పెడితే, పులులు వాటిని చూసుకుంటూ వెళ్ళి, దాటిన ప్రతి గుర్తునీ ఏరి సంచిలో వేసుకోవాలి. అందరికన్నా వెనక నేను. మా డ్రిల్లు మాస్టారు అవతలి పక్క, దారి మళ్ళీ రోడ్డెక్కేచోట పులిహోర గిన్నెలతో ఉంటారు.

మూడో ఉత్తర్వులో పొరపాటు మీకు అప్పుడే తట్టి ఉంటుంది. పాతికేళ్ళు లెక్కలు చెప్పినవాడికి తట్టలేదు.

మొదటి పావుగంట బాగానే నడిచింది. తర్వాత నా బూటు లేసు ఊడింది. కట్టుకున్నాను. మళ్ళీ ఊడింది. మూడోసారి కట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా గెడ్డ మూడుగా చీలింది. పులులు లేవు, బాణం గుర్తు లేదు, ఇటు రావద్దనే అడ్డగీతల పుల్లలూ లేవు. నేల మీద ఏమీ మిగల్చకుండా శుభ్రంగా ఏరేసుకున్నారు. నా జన్మలో నేనిచ్చిన హోంవర్కు ఎవరూ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

మధ్య దారిలో వెళ్ళాను. అది ఒక గోడ దగ్గర ఆగింది. వెనక్కి వచ్చానో, వచ్చాననుకున్నానో గానీ, ఈసారి గెడ్డ రెండుగా చీలింది. అప్పుడు మెళ్ళో ఈల గుర్తొచ్చింది. గట్టిగా ఊదాను. చిన్న ఈలలు గబగబా ఊదడానికి ఊపిరుండాలి కదా! ఎక్కీ దిగీ రొప్పుతున్నవాడికి ఎలా వస్తుంది? ఒకటి పొడుగ్గా ఊదడం, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కాస్త గాలి పీల్చుకోవడం, ఇంకొకటి పొడుగ్గా ఊదడం. దూరంగా పిల్లల గొంతులు వినబడ్డాయి. ఇంకోసారి ఊదాను. ఇంకా దూరంగా వినబడ్డాయి. ఇంకోసారి ఊదాను. ఏమీ వినబడలేదు.

దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ పట్నాన్ని శత్రువులు చుట్టుముడితే బేడెన్ పోవెల్ 217 రోజులు నిలబడ్డాడు. నాకప్పటికి యాభై నిమిషాలైంది. సీసాలో నీళ్ళయిపోయాయి. పులిహోర వాసన వస్తున్నట్టు కూడా అనిపించింది.

గోడ మీద ఒక మేక తల కనిపించింది. దాని పక్కన ఇంకో మేక. తర్వాత తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలమ్మ.

"ఏటి బాబూ ఆ ఈల? మేకలు బెదిరిపోతన్నాయి."

"పిల్లలేమైనా కనిపించారా అమ్మా? మెళ్ళో స్కార్ఫులు కట్టుకుని, చేతుల్లో కర్రలు..."

"ఆళ్ళా? ఎప్పుడో ఎల్లిపోనారు. నువ్వు ఈల ఊదినప్పుడల్లా ఇంకా దూరం ఎల్లిపోనారు."

పాతికకి పాతిక ఎందుకు వేశానా అనిపించింది.

ఆవిడ కర్రతో దారి చూపించింది. జీడిచెట్టు దగ్గర కుడిపక్కకి తిరిగితే రోడ్డేనట. "నీకేటి పని బాబూ ఇక్కడ?" అనడిగితే, పిల్లలకి దారి కనుక్కోవడం నేర్పుతున్నానని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. మేకల వైపు తిరిగింది, అంతే.

జీడిచెట్టు కింద, నీడలో, తెల్ల గులకరాళ్ళతో ఒక సున్నా. మధ్యలో ఒక్క రాయి. వృత్తలేఖిని లేకుండా అంత గుండ్రంగా పేర్చడం మా పదో తరగతి వాళ్ళకి కూడా రాదు. "నేను ఇంటికి వెళ్ళిపోయాను" అని ఆ గుర్తుకి అర్థం. బేడెన్ పోవెల్ 1941లో కెన్యాలో పోతే, ఆయన సమాధి రాతి మీద ఇదే గుర్తు చెక్కారు. కోర్సులో ట్రైనరు గారు ఆ సంగతి చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడూ చెమర్చాయి.

అక్కడే చతికిలబడి లేసు పట్టుకున్నాను, నాలుగోసారి. అంతలో రోడ్డువైపు నుంచి పరుగున వచ్చారు పదహారు మందీ, వెనక డ్రిల్లు మాస్టారూ. ముందు నలుగురి చేతుల్లో రెండు కర్రలు. ఇద్దరి చొక్కాలు విప్పి, గుండీలు పెట్టి, చేతుల్లోంచి కర్రలు దూర్చి స్ట్రెచరు చేశారు. అది కూడా నేను డిక్టేషను చెప్పిందే.

"గుర్తులు తీసేశారు సరే, నాకోసం ఆగాలి కదరా?"

"ఆగాం సార్," అన్నాడు పులి లీడరు అటెన్షన్‌లో నిలబడి. "మీరు పొడుగీలలు ఊదారు. ఇంకా దూరం ఎల్లమని. మళ్ళీ ఊదారు, మళ్ళీ ఎల్లాం. రోడ్డు దాకా ఎల్లిపోయాం సార్. ఇంకోసారి ఊదుంటే భీమిలి ఎల్లిపోదుం."

"మరి ఈ సున్నా ఎందుకు తియ్యలేదు?"

"అది మీకోసం సార్. మీరు ఎతుక్కుంటారని."

నాకేమీ కాలేదు, నడవగలను అని ఎంత చెప్పినా వినలేదు. కట్టాక వాడకపోతే ఎలా సార్ అన్నారు. పడుకోబెట్టి నాలుగడుగులు మోశారు. అయిదో అడుగులో ఒక చొక్కా గుండీలు టపటపా తెగాయి. మిగతా దారి నడిచాను.

స్కౌట్ అన్నవాడు రోజుకొక మంచి పని చేసి డైరీలో రాసుకోవాలి. మాస్టరు చూసి సంతకం పెట్టాలి. సోమవారం పొద్దున నా బల్ల మీద పదహారు డైరీలు దొంతరగా ఉన్నాయి. మొదటిది తెరిచాను: "దారి తప్పిన పెద్దాయనకి దారి చూపించాను." రెండోది: "దారి తప్పిన పెద్దాయనకి దారి చూపించాను." పదిహేనింటిలో అదే వాక్యం. ఒకరిది చూసి ఒకరు రాశారనడానికి లేదు, అందరూ చూపించారు. పదిహేనింటి మీదా సంతకం పెట్టాను.

పదహారోది ఆ పేట కుర్రాడిది. "ఒక పెద్దాయన బూటు లేసు కట్టాను. రీఫ్ నాట్" అని రాశాడు.

ఆ లేసు నేనింతవరకూ విప్పలేదు. బూటు అలాగే తొడుగుతున్నాను, అలాగే విడుస్తున్నాను.