అడవి అంచున ఉపాధి ఎవరి చేతిలో?

వానాకాలంలో వాజేడు మండలం బొగత జలపాతం దగ్గర బారులు తీరే వాహనాలను చూసినవారు ములుగు ఏజెన్సీ పల్లెలకు ఇక పర్యాటకమే ఆధారమంటున్నారు. జామాయిల్, ఆయిల్ పామ్ మొక్కలను చూసినవారు తోటల సాగే దిక్కంటున్నారు. తెలంగాణ అటవీ అభివృద్ధి సంస్థ ఒకవైపు జామాయిల్ పెంచుతూ మరోవైపు పర్యావరణ పర్యాటకాన్నీ నడుపుతోంది గనుక, ఈ రెంటికీ పొత్తు కుదరదన్న వాదన ప్రభుత్వానికే పట్టినట్లు లేదు.

జామాయిల్ నాటిన నాలుగేళ్లకు కోతకు వస్తుంది, నరికిన మోడు పిలకలు వేసి మళ్లీ ఎదుగుతుంది, కూలీల వెంట తిరిగే పని రైతుకు తప్పుతుంది. భూమి లేని ఇంటికి నష్టం సరిగ్గా అక్కడే ఉంది: మిర్చి తోటలో నెలల తరబడి దొరికే కూలి ఇక్కడ నరికే నాలుగు రోజులకే సరి. పైగా కొనేది మిల్లులే. మంగపేట మండలం కమలాపురంలోని కలప గుజ్జు మిల్లు 2014లో మూతపడ్డాక ఏమైందో ఆ ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. ఆయిల్ పామ్‌కు నీటి వసతి కావాలి, మూడు నాలుగేళ్లు రాబడి లేకుండా తట్టుకోవాలి, కోసిన గెలలు ఒక రోజులో ఫ్యాక్టరీకి చేరాలి. అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు భూమికి పట్టా పొంది, వాన మీద ఆధారపడిన రైతుకు ఈ లెక్క ఎలా కుదురుతుంది?

పర్యాటకమూ ఏడాది పొడవునా అన్నం పెట్టదు. బొగత ఎండాకాలంలో సన్నగిల్లుతుంది, వరద ముదిరితే సందర్శకులను ఆపేస్తారు. కవ్వాల్ పులుల అభయారణ్యంలోనేమో వానాకాలమంతా సఫారీలు ఉండవు.

ఈ రెండు వాదాల నడుమ మరుగున పడుతున్నది బీడీలు చుట్టే తునికాకు. వేసవిలో తెల్లవారకముందే అడవికి వెళ్లి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లంలో ఆరబెట్టే కోయ మహిళకు ఎకరం భూమి కూడా అక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఆకుపై అడవి బిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. అయినా 2023లో పోడు పట్టాలపై ప్రభుత్వం చూపిన శ్రద్ధ, అడవిపై ఊరంతటికీ ఉండే సామూహిక హక్కులపై కనిపించలేదు. ముందు ఆ హక్కులను గుర్తించాలి. జలపాతాల దగ్గర వసూలయ్యే టికెట్ల లెక్కలను గ్రామసభ ముందు ఉంచి, ఊరి వాటాను ఆ సభ తీర్మానం ప్రకారమే ఖర్చు చేయాలి. ఆయిల్ పామ్ మొక్కలిచ్చే అధికారులు, నీటి వసతి కల్పించకుండా, కాపు వచ్చేదాకా ఇల్లు గడిచే దారి చూపకుండా పోడు భూముల గట్టు మీద అడుగు పెట్టకూడదు.