హాథీరామ్‌కు ఎలివేషన్ ఎందుకు?

హిందీ క్రైమ్ వెబ్ సిరీస్ 'పాతాళ్ లోక్' చూడమని ఎవరికి చెప్పినా తిరిగొచ్చే జవాబు ఒకటే: "బాగానే ఉంది కానీ, హీరోకి ఎలివేషన్ లేదు." విని విని విసుగొచ్చింది. తుపాకీ పట్టినవాడు నడిచొస్తే నేపథ్య సంగీతం హోరెత్తాలి, పోలీసు లాఠీ ఎత్తితే మనం ఈల వేయాలి. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో సోఫాలో కూర్చుని చూసే సిరీస్‌లో కూడా ఇంటర్వెల్ ఫైట్ వెతుక్కుంటున్నాం.

హాథీరామ్ చౌధరిది ఢిల్లీలో యమునకు అవతల, ఎవరికీ పట్టని ఓ ఠాణా. ముందుకొచ్చిన పొట్ట, పదోన్నతి దక్కని కడుపుమంట, మొహం చాటేసే కొడుకు. అలాంటివాడి చేతికి ఒక పెద్ద కేసు వస్తుంది: పేరున్న టీవీ యాంకర్‌ను చంపడానికి కుట్ర, నలుగురు నిందితులు. అతనేమీ మేధావి కాదు. నిందితుల మీద చెయ్యి చేసుకుంటాడు కూడా. ఆ దెబ్బలకు డప్పు మోగదు, చూసేవాడికి ఒళ్లు జలదరిస్తుంది. జైదీప్ అహ్లావత్ ఆ ఇన్‌స్పెక్టర్‌ను ఎక్కడా హీరోను చేయకుండా నటించాడు. ఇంతకంటే ఏం కావాలి?

ఆ నలుగురిలో ఒకడైన, సుత్తితో తలలు పగలగొట్టే హథోడా త్యాగి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది కేసు ఫైలు. విచారణ హాథీరామ్ చేతుల్లోంచి సీబీఐకి వెళ్తుంది. చూస్తుండగానే ఆ నలుగురికీ పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐతో లంకె కుదురుతుంది, విలేకరుల సమావేశం జరుగుతుంది, దేశమంతా నమ్ముతుంది. నిందితుల్లో ఒకడైన కబీర్ తండ్రి హాథీరామ్‌తో మాట్లాడే సన్నివేశం చూడండి. కొడుకు క్షేమం కోసం అతణ్ణి ముస్లింగా కూడా పెంచని మనిషి, చివరికి మీరంతా కలిసి వాణ్ణి జిహాదీని చేశారు కదా అంటాడు. గట్టిగా అరవడు. హాథీరామ్ ఠాణాలోనే, అతని కింద పనిచేస్తూ సివిల్స్‌కు చదువుకుంటున్న ఇమ్రాన్ అన్సారీ ఉంటాడు. తోటివాళ్లు నవ్వుతూ విసిరే మాటలను అతనూ నవ్వుతూనే మింగుతాడు.

ఇది ఉత్తరాది గొడవ, మనకెందుకు అనేవాళ్లకు 2019 డిసెంబరు గుర్తుచేస్తాను. చటాన్‌పల్లి దగ్గర 'దిశ' అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపిన రోజు పూలు చల్లింది మన తెలుగువాళ్లమే. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథ కల్పితమని తేల్చి, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫార్సు చేసింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చింది. నాతో వాదించేవాళ్లలో దాన్ని చదివినవాడు ఒక్కడూ తగల్లేదు. జరిగిన అత్యాచారం, హత్య ఘోరమైనవి కాబట్టి ఎవరిని చంపినా న్యాయమేనని చాలామంది స్థిరపడిపోయారు. అందరూ చంపమన్నవాడి గతం తవ్విచూసే సిరీస్ వీళ్లకు నచ్చుతుందా?

అలాగని నాకు ఇందులో అన్నీ నచ్చాయనుకోకండి. త్యాగి హంతకుడు కావడానికి అతని అక్కచెల్లెళ్లపై అత్యాచారం, మరో నిందితుడు తోప్ సింగ్ మీద పగ తీర్చుకోవడానికి అతని తల్లిపై అత్యాచారం. మగవాళ్ల కోపాల కోసం, పగల కోసం ఆడవాళ్ల ఒంటిని ఇలా వాడుకోవడం ఏమిటి? ఇంత తెలివిగా రాసినవాళ్లకు వేరే దారే దొరకలేదా? ఆ స్త్రీలకు కథలో తర్వాత చోటే లేదు. ఎలివేషన్ లేదని గొణిగేవాళ్లు ఈ ప్రశ్న వేస్తే సంతోషించేవాణ్ణి.

2025 జనవరిలో వచ్చిన రెండో సీజన్ నాగాలాండ్‌కు వెళ్లింది. కథ కొంచెం చెదిరింది. మన దర్శకుడు నగేష్ కుకునూర్ కపిల్ రెడ్డి అనే పాత్రలో కనిపించడం ఒక ముచ్చట. అసలు రుచి మాత్రం ఇమ్రాన్ ఐపీఎస్ అయి పై అధికారిగా రావడం, హాథీరామ్ ఇంకా ఇన్‌స్పెక్టర్‌గానే ఉండిపోయి అతణ్ణి "సర్" అనడం. అభిమానానికీ మొహమాటానికీ మధ్య ఆ ఇద్దరూ పడే ఇబ్బంది కోసం నేను ఆ సీజన్ మొత్తం మళ్లీ చూస్తాను. ఎలివేషన్ కావలసినవాళ్లు 'మీర్జాపూర్' చూసుకోండి, అక్కడ కావలసినంత ఉంది.