యోగా మంచిదే, మరి డ్యూటీ చార్టు మాటేమిటి?

2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలాది మంది యోగాసనాలు వేశారు. అదే నెల మొదట్లో, రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచేందుకు రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటలన్న హద్దు అలాగే ఉంది, నిజమే. కానీ గాజువాక నుంచి పరవాడ ఫార్మా కంపెనీకి వెళ్లొచ్చే కార్మికుడికి ఆ పదికి రానూపోనూ ప్రయాణం కలుస్తుంది. కోత పడేది నిద్రకే.

ఒత్తిడిని తట్టుకోవడం మనిషి మనోబలానికి సంబంధించిన విషయమన్నట్టు మాట్లాడుతున్నాం. నన్నడిగితే అసలు ప్రశ్న వేరు: తన పని మీద, తన సమయం మీద ఉద్యోగికి ఎంత పట్టు ఉంది? బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. గుండెజబ్బుతో ఎక్కువగా పోయింది పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కాదు, కింది స్థాయి వాళ్లు. పొగతాగడం, బీపీ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. పనిలో సొంత నిర్ణయానికి చోటు లేనివాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని ఆ తర్వాతి దశలో తేలింది.

పని గంటల లెక్క ఇంకా సూటిగా ఉంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35-40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి.

ఇక నైట్ షిఫ్ట్. మే నెలలో పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చిన మనిషి కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటాడు. వీధిలో కూరగాయల బండి మైకు, ఒళ్లంతా ఉక్కపోత, పదకొండుకల్లా మెలకువ. రాత్రి నిద్రలో సహజంగా తగ్గాల్సిన రక్తపోటు, ఇలా గడియారం తలకిందులైనవాళ్లలో సరిగా తగ్గదు. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో అమెరికా వేళలకు పనిచేసే పిల్లలదీ ఇదే బాధ. వాళ్లకు అదనంగా సెలవురోజు కూడా మోగే వాట్సాప్ గ్రూపు.

షిఫ్టులు కనీసం నెల ముందు చెప్పాలి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలోనే తిప్పాలి. రాత్రి డ్యూటీలు ముగిశాక వరసగా రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. యూనియన్లు వేతన ఒప్పందం పక్కనే డ్యూటీ చార్టునూ బల్ల మీద పెట్టి మాట్లాడాలి.