అడుగున ఉన్న పరువు పైకి తీయకండి

పాశ్చాత్య దేశాల్లో కొందరికి సెలవు రోజుల్లో ఒక వింత జబ్బు పట్టుకుంది. రాయి తీసి వదిలేసిన క్వారీల్లో నీళ్లు నిండాక, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని అడుగుకు దిగి, అక్కడి సీసాలూ డబ్బాలూ టైర్లూ ఏరి వలసంచుల్లో పైకి తెస్తున్నారు. జీతం బత్తెం లేకుండా! ఈ జబ్బు మన పరిటాల వైపు క్వారీ గుంతల దాకా పాకకముందే నా అభ్యంతరాన్ని నమోదు చేయడం బెజవాడ పౌరుడిగా నా విధి.

నీళ్ల విషయంలో మనకు ఒక స్థిరమైన విధానం ఉంది. నదిలో వేసింది కృష్ణార్పణం, మిగిలింది దివిసీమవాళ్లు చూసుకుంటారు. వాడిన పూలు, పగిలిన దేవుడి పటాలు, పాత క్యాలెండర్లోని వేంకటేశ్వరస్వామి చెత్తబుట్టలో పడితే పాపం కనుక, అన్నిటినీ ప్లాస్టిక్ కవరులో పెట్టి వంతెన మీది నుంచి విసురుతాం. ముడి ఎంత గట్టిదో భక్తి అంత గట్టిది. వంతెనలకు ఇనుప వలలు బిగించారు. మన విసురు మెరుగుపడింది.

కాలువలతోనే చిన్న ఇబ్బంది. ఏలూరు, బందరు, రైవస్ కాలువలకు వేసవిలో నీళ్లు ఆపేస్తారు. అప్పుడు పరుపులు, కమోడు ముక్కలు, నిరుటి వినాయకుడి ఇనుప చట్రం ఎండలో ఆరుతూ కనిపిస్తాయి. ‘ఎవరు వేశారో!’ అని ముక్కు మూసుకుని ఆశ్చర్యపోతాం. నీళ్లు వదలగానే ఆ ఆశ్చర్యం కూడా మునిగిపోతుంది.

క్వారీ అలా బయటపెట్టదు. దాని నీళ్లు ఎక్కడికీ పారవు, దిగువన దివిసీమ లేదు. పుట్టినరోజు కేకు డబ్బా వేస్తే మనవడి పెళ్లినాటికీ అక్కడే ఉంటుంది. పది మీటర్లు దిగితే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు, ఇరవైకి మూడింతలు. కింద చలి. అడుగున ఒక్కసారి కాలు గట్టిగా ఆడిస్తే బురద లేచి తన చెయ్యి తనకే కనిపించదు. ప్రకృతి ఇంత కట్టుదిట్టంగా దాచినదాన్ని ఈ మనుషులు గాలి సంచి కట్టి మరీ తేలుస్తున్నారు. తిరిగి వచ్చేటప్పుడు తొందర పనికిరాదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టకుండా నెమ్మదిగా రావాలి, ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలి. ఎవరో తాగి పారేసిన సీసా కోసం ఇంత క్రమశిక్షణా?

నీళ్లలో మునిగేవాళ్లను మనం ఎరగనివాళ్లం కాదు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దినప్పుడు, వాటిని నీటి అడుగునే కోయడానికి విశాఖ నుంచి డైవర్లు వచ్చారు. క్వారీలో ఈతకు దిగిన పిల్లవాడు తేలకపోయినా గజ ఈతగాళ్లను పిలుస్తాం. ఎవరూ చావకముందే మునగడం మాత్రం మన సంప్రదాయంలో లేదు.

పైకి తెచ్చి ఊరుకున్నా బాగుండేది. 2011 నుంచి ఒక అంతర్జాతీయ డైవర్ల కార్యక్రమంలో, తీసిన ప్రతి వస్తువునూ రకాలవారీగా లెక్కపెట్టి నమోదు చేస్తున్నారు. ఆ లెక్కలు మన దగ్గర మొదలైతే? అలంకరణకు థర్మోకోల్ వాడకం 2022 జులై 1 నుంచి నిషేధం. వధూవరుల పేర్లు, నిరుటి ముహూర్తం తేదీ ఉన్న థర్మోకోల్ బోర్డు చెక్కుచెదరకుండా బయటపడితే పెళ్లిపెద్ద మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ‘ఈత నిషేధం’ అన్న హెచ్చరిక బోర్డే అడుగున దొరికితే?

ఇంకో విడ్డూరం. సీసాలో చేపో పీతో కాపురం పెట్టి ఉంటే దాన్ని ఖాళీ చేయించకుండా వదిలేస్తారట. మన కాలువ గట్ల మీద గుడిసెవాసులకు ఈ మర్యాద ఎన్నడైనా దక్కిందా?

ఇంతకూ నా అసలు అభ్యంతరం చట్టపరమైనది. గట్టు మీద పోగైన తడి సంచులు ఎవరి పరిధి? పంచాయతీ ‘క్వారీ మాది కాదు’ అంటుంది. నగరపాలక సంస్థ ‘ఊరే మాది కాదు’ అంటుంది. మిగిలింది గనుల శాఖ. దాని లెక్కలో క్వారీలోంచి ఏది బయటికి తీసినా తవ్వకమే. అనుమతి కావాలి, బరువు తూచాలి, తవ్విన సరుకుపై సీనరేజి రుసుము కట్టాలి, లారీకి పర్మిట్ తీసుకోవాలి. బీరు సీసాకు టన్నుకు ఎంతో ఇంకా ఎవరూ నిర్ణయించలేదు. ఆ ధర ఖరారై ఉత్తర్వులు వెలువడేదాకా, తీసిన సరుకును తీసినచోటే, అంటే నీళ్లలోనే, జమ చేయించాలని అధికారులను సవినయంగా కోరుతున్నాను.