బ్యాంకాక్ అంటే ట్రాఫిక్ ఒక్కటే కాదు
బ్యాంకాక్‌లో దిగగానే ఎదురయ్యేది ట్రాఫిక్, ఉక్కపోత, ట్యాక్సీ బేరాలే అని ఈమధ్య నేను చదివిన ఒక యాత్రా వ్యాసంలో రాశారు. ఉక్కపోత నిజమే, విజయవాడలో మే నెల గుర్తొస్తుంది. మిగతా రెండూ మాత్రం మనం ఎంచుకునే దారిని బట్టి ఉంటాయి. సువర్ణభూమి విమానాశ్రయం కింది అంతస్తులోనే రైలు ఉంది. టికెట్ 45 బాత్‌లు (థాయ్ కరెన్సీ) దాటదు, అరగంటలో ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్‌లో దింపుతుంది, అక్కడే స్కైట్రైన్ (వంతెనల మీద నడిచే మెట్రో రైలు) ఎక్కొచ్చు. మేం పిల్లలతో, పెట్టెలతో అలాగే వెళ్లాం. సాయంత్రం 6 గంటలకు స్టేషన్‌లో వాళ్ల జాతీయ గీతం మొదలైంది. అంత రద్దీలోనూ జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అది చూసి మా అమ్మ కూడా చేతిసంచి కింద పెట్టి నిటారుగా నిలబడింది. ఆ ఊరి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. మర్నాడు చిత్‌లోమ్ స్కైట్రైన్ స్టేషన్ దగ్గర ఎరావాన్ మందిరంలో, ఆఫీసులకు వెళ్లేవాళ్లు చతుర్ముఖ బ్రహ్మకు బంతిపూల దండలు సమర్పించి మొక్కుతున్నారు. మన దగ్గర బ్రహ్మకు గుళ్లే అరుదు కదా, అమ్మ ఒక పట్టాన అక్కణ్నుంచి కదల్లేదు. ఇవేవీ ఆ వ్యాసంలో లేకపోవడం బాధనిపించింది. కొత్తగా వెళ్లేవాళ్లు ట్యాక్సీ గురించి టెన్షన్ పడక్కర్లేదు, స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో హోటల్ చూసుకుంటే చాలు.