కుందేలు బొమ్మకు రెట్టింపు ధరా?

షాంపూ సీసా మీద 'జంతువులపై పరీక్షించలేదు' అని చెప్పే కుందేలు బొమ్మ కనిపిస్తే చాలు, ధర రెట్టింపున్నా కొనేస్తున్నారు. మన దేశంలో కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం 2014లోనే నిషేధించారు. అలా పరీక్షించినవాటి దిగుమతినీ అదే ఏడాది ఆపేశారు. కాబట్టి ఇక్కడ తయారైన షాంపూ మీద 'జంతువులపై పరీక్షించలేదు' అని రాసుకోవడమంటే, చట్టం వద్దన్న పని చేయలేదని చెప్పుకోవడమే. దానికి మనం ఎక్కువ ఎందుకు కట్టాలి?

చూడాల్సింది వెనకాల చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. సబ్బు మీద సోడియం టాలోవేట్ అంటే పశువుల కొవ్వు. సోడియం పామేట్ అంటే పామాయిల్. లిప్‌స్టిక్‌లో కార్మైన్, లేదా సీఐ 75470 అని ఉంటే అది పురుగుల్ని ఎండబెట్టి తీసిన ఎరుపు. జంతువుల మీద పరీక్షించని సరుకులోనూ ఈ కొవ్వు, ఈ పురుగుల ఎరుపు ఉండొచ్చు. పైగా కుందేళ్లన్నీ ఒకటి కాదు. లీపింగ్ బన్నీ లాంటి ధ్రువీకరణ గుర్తు వేరు, డిజైనరు సరదాగా గీసిన రెండు చెవులు వేరు.

ఫ్లోర్ క్లీనర్లు, గిన్నెల లిక్విడ్లు కాస్మెటిక్స్ కిందికి రావు, ఆ 2014 నిబంధన వాటికి వర్తించదు. మార్చాలంటే ముందు అవే మార్చి కుంకుడు రసం వాడండి, ఖర్చూ తక్కువ. తిరుపతిలో ఏ సరుకుల అంగట్లో అడిగినా కుంకుడుకాయలు ఇస్తారు. గింజ తీసిన తొక్కలు 100 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, సన్న సెగ మీద 20 నిమిషాలు ఉడికించి, చల్లారాక పిసికి వడకట్టండి. గిన్నె సగానికి మించి నింపితే నురుగు పొంగి స్టవ్వంతా అంటుతుంది. బయట పెడితే రెండో రోజుకే పులిసిన వాసన. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, ఐస్ ట్రేలో గడ్డ కట్టిస్తే ఇంకా ఎక్కువ. మన బోరు నీళ్లలో సబ్బు తెట్టులా విరిగిపోతుంది, కుంకుడు రసం విరగదు. నురుగు తక్కువని తలకి ఇంకా ఇంకా పోసుకుంటే మాత్రం జుట్టు పీచవుతుంది. పట్టుచీరకు బాగుంటుంది, తెల్ల చొక్కాకు వద్దు, గోధుమ రంగు పట్టేస్తుంది.

ఇత్తడికి చింతపండు, ఉప్పు చాలు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవకపోతే మళ్లీ మచ్చలే. వెనిగర్, వంటసోడా కలిపి బుసబుసలాడించే వీడియోలు నమ్మొద్దు. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి ఉప్పునీళ్లలాంటిదే మిగులుతుంది. బ్లీచింగ్ పౌడరుతో వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ, బాత్రూం యాసిడ్ గానీ అస్సలు కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

కుళాయికి పట్టిన తెల్ల ఉప్పుకి అర లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి అరగంట చుట్టి ఉంచండి, రాలిపోతుంది. కింద గట్టు గ్రానైట్ అయితే పరవాలేదు. కడప బండ అయితే ఒక్క చుక్క కూడా పడనీయకండి. అది సున్నపురాయి, పులుపు తగిలితే పైపొర కరిగి తెల్లగా పాలిపోతుంది. ఎంత తుడిచినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే.